కుంట గట్టుకు మందు కొట్టొద్దు, మొక్క పెట్టండి

(రైతు సంఘం మండల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున్నుంచి మద్దతు ధర గురించి, కౌలు రైతుల కార్డుల గురించి మాట్లాడుకున్నాం. నాకిచ్చిన విషయం చిన్నది. పంట కుంట గట్టు మీద కూరగాయలు వేసుకున్నవాళ్ళు పురుగుకు ఏం చేయాలి అన్నది. చిన్నదే గానీ, దీంట్లో నేను దెబ్బ తిన్నాను. అందుకే నేనే చెబుతానన్నాను.

ఉపాధి హామీలో చాలామందిమి కుంటలు తవ్వించుకున్నాం. నీళ్ళు పక్కనే ఉంటాయి కాబట్టి గట్టు మీద వంకాయ, టమాట, రెండు జామ మొక్కలు పెడతాం. కుంటలో బొచ్చె, రవ్వ పిల్లలు వదులుతాం. గొడ్లు ఆ నీళ్ళే తాగుతాయి. నేనూ అంతే. ఒక ఏడు వంకాయకు కాయతొలుచు పురుగు వస్తే దుకాణంలో ఇచ్చిన సైపర్‌మెత్రిన్ కొట్టాను. కొట్టాక పంపు తీసుకుపోయి కుంటలోనే కడిగాను. తెల్లారి చూస్తే చేపలన్నీ వెల్లకిలా తేలి ఉన్నాయి. అర కిలో దాటిన చేపలు. మా ఇంటావిడ గంపలో ఎత్తి గుంట తీసి పూడ్చింది. ఆ రోజంతా నాతో మాట్లాడలేదు.

దుకాణాయనను అడిగితే, "డబ్బా మీద పసుపు రంగే కదా, ఎరుపు కాదు కదా" అన్నాడు. నేనూ అన్నేళ్ళు అట్లాగే అనుకున్నాను. ఇది బాగా గుర్తు పెట్టుకోండి. డబ్బా మీద ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ అని త్రికోణం రంగు వేస్తారు చూడండి, అది ఎలుకల వంటి జంతువుల మీద పరీక్ష చేసి వేసిన లెక్క. చేపల లెక్క కాదు. సైపర్‌మెత్రిన్, లాంబ్డా సైహలోత్రిన్ వంటివి లీటరు నీళ్ళలో మిల్లీగ్రాములో కొన్ని వెయ్యో వంతులు కలిసినా చేప చస్తుంది. పంపు కడిగిన నీళ్ళు చాలు.

సరే, మందు వద్దంటే మరేం చేయాలి? బంతి, తులసి, నిమ్మగడ్డి పెడితే ఆ వాసనకే పురుగు పారిపోతుందని ఫోన్లలో వీడియోలు వస్తున్నాయి. అది సగం మాట. ఏ మొక్క ఏం పని చేస్తుందో తెలియకుండా పెడితే, పురుగు పోకపోగా మళ్ళీ దుకాణానికే పోతాం.

బంతి సంగతి చూడండి. టమాటలో శనగపచ్చ పురుగును బంతి తరమదు, పిలుస్తుంది. తల్లి రెక్కల పురుగు వచ్చి బంతి మొగ్గల మీద గుడ్లు పెడుతుంది. అదే మనకు కావాలి. 16 సాళ్ళ టమాటకు ఒక సాలు బంతి. 40 రోజుల బంతి నారు, 25 రోజుల టమాట నారు ఒకే రోజు నాటితే రెండూ ఒకేసారి పూతకొస్తాయి. కానీ రెండు రోజులకొకసారి బంతి మొగ్గల మీద పురుగులు ఏరి చంపాలి. ఏరకుండా వదిలేస్తే బంతి సాలే పురుగును పెంచే చోటవుతుంది. ఏరిన పురుగుల్ని కోళ్ళకు వేయండి. బంతి వేరు వల్ల నేలలో వేరుబుడిపె నులిపురుగులు కూడా తగ్గుతాయి.

తులసి కూడా పిలిచేదే. జామ, మామిడి కాయల్ని కుళ్ళబెట్టే పండు ఈగ ఉంది కదా, దాని మగ ఈగ తులసి వాసనకు వస్తుంది. గుప్పెడు ఆకు నలిపి, పక్కన బొక్కలు పెట్టిన నీళ్ళ సీసాలో వేసి జామ కొమ్మకు కట్టండి. ఆకు వాడిపోగానే మార్చాలి. సొర, బీర మీద వాలే ఈగ వేరే రకం, అది దీనికి రాదు.

ధనియాలు, సోపు నాలుగు గింజలు గట్టంతా చల్లి పూతకు వదిలేయండి. ఆ చిన్న పూల తేనె కోసం మిత్ర పురుగులు వస్తాయి. వాటి పిల్లలు పేనుబంకను తింటాయి. కొత్తిమీరంతా కోసి అమ్ముకుంటే పూత ఎక్కడిది?

నిమ్మగడ్డి నిలబడి ఉన్నంత మాత్రాన పురుగు పోదు. ఆకు నలిగితేనే నూనె వాసన వస్తుంది. నేను దాన్ని గట్టు కోసం పెట్టాను. వేరు మన్నును పట్టుకుంటుంది, గొడ్లు పెద్దగా ముట్టవు. కోసిన గడ్డి వంగ మొదళ్ళలో పరుస్తాను. గుబురు మరీ పెరగనివ్వకండి, ఎలుకలు చేరతాయి, వాటి వెనక పాములు వస్తాయి. దోమలకు ఇవేవీ పనికిరావు. కుంట అంచున నాచు, గడ్డి తీసేస్తే దోమ పిల్లల్ని చేపలే తింటాయి.

వంకాయకు మాత్రం పురుగు పట్టిన కొమ్మ చివర్లు తుంచడమే. అప్పటికీ ఆగకపోతే 5 శాతం వేప గింజల కషాయం, అంటే 5 కిలోల గింజల పొడి 100 లీటర్ల నీళ్ళకు. గాలి కుంట వైపు లేనప్పుడు కొట్టండి. పొగాకు వేసిన అగ్నిఅస్త్రం గట్టు మీద వద్దు. ఆకుతో చేసిందే కదా అంటారు, పొగాకులో నికోటిన్ విషమే. కషాయం వడగట్టిన పిప్పి కూడా కుంటలో పారెయ్యకండి. అది కుళ్ళితే నీళ్ళలో గాలి తగ్గి చేపలు పైకి తేలతాయి.

సంఘం తరఫున రెండు అడుగుదాం. కుంట తవ్వకంతో పాటు గట్టు మీద మొక్కలు నాటే కూలి కూడా ఉపాధి హామీలో ఇవ్వాలి. మందు అమ్మేవాళ్ళు చేపల మాట డబ్బా అమ్మేటప్పుడే నోటితో చెప్పాలి, ఎవరూ చదవలేని చిన్న అక్షరాల కాగితానికి వదిలేస్తే కుదరదు.

నిమ్మగడ్డి పిలకలు ఒక బస్తా తెచ్చాను, తలుపు దగ్గర పెట్టాను. నాలుగేసి తీసుకుపోండి. తడి గోనెలో చుట్టి ఉన్నాయి, ఈ సాయంత్రమే నాటాలి.