కణములో కూల్చివేత

మనము తిన్న పప్పులోని మాంసకృత్తులు పేగులో విడిపోవుటకు శక్తివ్యయ మక్కరలేదు. కణము మాత్రము తన మాంసకృత్తులను కూల్చుకొనుటకు ఏటీపీని, మన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధించిన ఆ ఏటీపీనే, వెచ్చించును. ఈ దుబారా ఏల యని మాకును తోచినది. ఎంపికకు చెల్లించు మూల్యమని పిదప తెలిసినది. ఏటీపీ శక్తితో సిద్ధమైన యుబిక్విటిన్ అను ముద్రను దేనికి వేయవలెనో నిర్ణయించునవి లైగేజులు. మానవునిలో ఇవి 600 రకములకు పైగా కలవు. ముద్రల గొలుసు పడినదానిని ప్రోటియాసోము ముక్కలు చేయును. ఈ మార్గమును విశదపరచిన సీకనోవర్, హెర్ష్కో, రోజ్‌లకు 2004లో నోబెల్ బహుమానము లభించినది.

గర్భాశయ ముఖద్వారమున క్యాన్సరు తెచ్చు పాపిల్లోమా వైరసు మరింత గడుసుది. దాని ఈ6 అను మాంసకృత్తు మన లైగేజు నొకదానిని లోబరచుకొని, కణమునకు కావలికాయు పీ53పై ముద్ర వేయించును. కావలి పోయిన కణము అదుపులేక విభజన చెందును. ఆ లైగేజునకు ఈ6ఏపీ అని పేరు; వైరసు మాంసకృత్తు పేరు మోయుచున్నను అది మన సొత్తే.