తామరపురుగులు - వేరుసెనగ తెగుళ్ళు

వానను నమ్ముకొని సాగుచేయు రైతునకు వాన ఒక్కటియే గండము కాదు. అదనున వాన కురిసి, విత్తనము చక్కగా మొలచి, మనసు కుదుటపడిన వేళ కూడ పైరునకు ముప్పు వచ్చుట కలదు. 2000వ సంవత్సరము ఖరీఫులో నాటి అనంతపురం జిల్లాలో అట్టి ముప్పే వాటిల్లినది. లేత వేరుసెనగ మొక్కల చిగుళ్ళు, కాండములు మాడి, చేలకు చేలు ఎండిపోయినవి. ఇంచుమించు 2,25,000 హెక్టార్ల పైరు ఈ తెగులు వాత బడినది. నష్టము 300 కోట్ల రూపాయలకు మించినదని శాస్త్రజ్ఞులు అంచనా వేసిరి. వేరుసెనగయే ప్రధానాధారమైన ఆ మెట్టసీమకు ఇది ఎంతటి దెబ్బయో వేరుగా చెప్పనక్కరలేదు.

మొదట దీనిని చూచినవారు పూర్వమునుండి ఎరిగిన మొవ్వుకుళ్ళు తెగులే అనుకొనిరి. అట్లనుకొనుట సహజమే. రెండింటను మొవ్వు ఎండును. రెండింటికిని తామరపురుగులే వాహకములు. కాని హైదరాబాదు చేరువ పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరిశోధన సంస్థలో పరీక్షింపగా ఇందలి వైరస్ వేరని తేలినది. దానిని పొగాకు చారల వైరస్ అందురు. అది వేరుసెనగకు తెచ్చు జబ్బునకు కాండంకుళ్ళు తెగులని పేరు వచ్చినది. పేరు మారినంత మాత్రమున రైతునకు ఒరుగునదేమని కొందరు అడుగవచ్చును. తెగులు వచ్చు దారి తెలిసిననే గదా, దానికి ఎక్కడ అడ్డుకట్ట వేయవలెనో తెలియుట!

తామరపురుగు మిక్కిలి చిన్నది. దాని పొడవు ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించదు. సన్నని రెక్కల అంచులకు కుచ్చువలె వెంట్రుకలుండును. లేత ఆకును గీకి, ఊరిన రసమును పీల్చి బ్రతుకును. స్వశక్తితో ఎంతో దూరము ఎగురలేదు గాని, గాలి వాలున కొట్టుకొనిపోయి చేను నుండి చేనికి చేరును.

ఈ పురుగు రెండు తెగుళ్ళను రెండు విధములుగా మోయుచున్నది. మొవ్వుకుళ్ళు వైరస్ పురుగు దేహములోనికి ప్రవేశించును. పిల్లపురుగు జబ్బుమొక్క రసమును పీల్చినపుడే ఇది జరుగవలెను. వైరస్ పురుగు శరీరమునందే వృద్ధిపొందును. రెక్కలు వచ్చిన పిమ్మట ఆ పురుగు జీవించినంత కాలము తాను వాలిన మొక్కకెల్ల తెగులును అంటించుచుండును. పిల్లదశలో వైరస్‌ను గ్రహింపని పురుగు పెద్దదైన తరువాత జబ్బుమొక్కపై వాలినను తెగులును వ్యాపింపజేయలేదు. తల్లిపురుగు నుండి గ్రుడ్లకును ఇది సంక్రమింపదు.

కాండంకుళ్ళు కథ వేరు. ఇచ్చట వైరస్ ఉండునది పురుగు కడుపులో కాదు, పుప్పొడిలో. ఆ పుప్పొడి అధికముగా వయ్యారిభామ మొక్కది. కాంగ్రెసు గడ్డి అని మనము పిలుచుకొను కలుపు ఇదియే. ఈ మొక్కలో వైరస్ ఉన్నను పైకి ఏ లక్షణమును కానరాదు; అది పచ్చగా, ఏపుగా తెల్లని పూలతో నిలిచియుండును. తొలకరికే మొలచి, వేరుసెనగ లేతగా ఉన్న సమయమునకు పూతకు వచ్చును. ఆ పూలలో తిరిగిన తామరపురుగుల మేనికి పుప్పొడి అంటుకొనును. అవి గాలితో చేనిలోనికి వచ్చి ఆకును గీకినపుడు, ఆ గాయముగుండ పుప్పొడిలోని వైరస్ మొక్కలోనికి జొరబడును.

ఒకసారి వైరస్ సోకిన మొక్కను బాగుచేయు మందు లేదు. కనుక మొక్కలు వాడిన పిమ్మట చేనంతయు మందు చల్లుట ధనవ్యయమే. వెలుపలినుండి పురుగులు వచ్చుచున్నంత కాలము చల్లిన మందు వలన కలుగు మేలు స్వల్పము. చేయవలసిన పని ముందే చేయవలెను. వయ్యారిభామను పూత పూయక మునుపే పెరికివేయవలెను. చేని చుట్టును నాలుగు సాళ్ళ జొన్నగాని సజ్జగాని దట్టముగా వేసినచో గాలిలో వచ్చు పురుగులకు అది తడికవలె అడ్డుపడును. వేరుసెనగ ప్రక్కన పొద్దుతిరుగుడును వేయరాదు. అదియు ఈ వైరస్‌కు ఆశ్రయమే. విత్తనమును సిఫారసు చేసిన మందుతో శుద్ధిచేసి విత్తినచో లేతదశలో తామరపురుగుల బెడద తగ్గును. మొక్కలను పలుచగా గాక సరియైన సాంద్రతలో పెంచుట, సజ్జ వంటి అంతరపంట వేయుట మొవ్వుకుళ్ళునకును మంచి ఉపాయములు.

వీనిలో జొన్న సాళ్ళు, విత్తనశుద్ధి ఎవరికి వారు చేసికొనగల పనులు. వయ్యారిభామ సంగతి అట్లు కాదు. అది పెరుగునది ఎక్కువగా బాటల ప్రక్కన, బీళ్ళలో, చెరువుగట్లపైన, బడి ఆవరణలలో. ఆ స్థలములు ఎవ్వరివియు కావని అందరును ఊరకుందురు. తన చేనిని అద్దమువలె ఉంచుకొన్న రైతు సైతము ప్రక్క బీడులోని పూత వలన నష్టపోవలసి వచ్చును. కాబట్టి తొలకరి పడిన రెండు మూడు వారములలో గ్రామస్థులందరును కలిసి, చేతులకు తొడుగులు వేసికొని, ఈ మొక్కను వేళ్ళతో పెరికివేయుట మేలు. దీనికి ఖర్చు స్వల్పము. కావలసినది నలుగురి పూనిక. విత్తుల సమయమున విత్తనము, ఎరువు గురించి ఆలోచించినట్లే, గట్టుపైని ఈ కలుపును గురించియు ప్రతి గ్రామమును ఆలోచింపవలెనని మేము కోరుచున్నాము.