ఒక్క పాయింటు విలువ

రోలుగుంట ప్రాంతమున నిలిచి చూచిన మన్యపు కొండలు కనబడును. ఆ కొండలవారికి విల్లమ్ములు కొత్తవి కావు. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై దాడి చేసిన అల్లూరి సీతారామరాజు వెంట నిలిచినది ఆ విలుకాండ్రే. కావున గురి అనగా నేమో ఈ సీమవారికి మేము విడమరచి చెప్పనక్కరలేదు.

గురినే ఆటగా, జీవితముగా చేసికొన్నవారు దేశదేశములందు కలరు. గోడకు తగిలించిన గుండ్రని పలకపైకి చేతితో చిన్న ములుకులు విసరు ఆటను ఇంగ్లండులో డార్ట్స్ అందురు. విసరు దూరము ఎనిమిది అడుగులకు లోపే. ఆ ఆటలో ఫిల్ టేలర్ 16 మార్లు ప్రపంచ విజేత అయినాడు. మన తెలుగునాట అట్టి గురికి పేరొందినది విజయవాడ ఆడపడుచు వెన్నం జ్యోతి సురేఖ. 1996లో జన్మించిన ఈమె నాలుగేండ్ల ప్రాయముననే కృష్ణానదిని ఈది దాటినది.

ఆమె పట్టినది కాంపౌండ్ విల్లు. దాని రెండు కొనలకును కప్పీలుండును. నారి పూర్తిగా లాగిన పిదప చేతిపై బరువు తగ్గును. నిదానముగా గురి చూడవచ్చును. లక్ష్యము 50 మీటర్ల దూరమున ఉండును. పది పాయింట్ల వలయము వెడల్పు 8 సెంటీమీటర్లు మాత్రమే. ఒక్కొక్కరు 15 బాణములు వేయుదురు. అన్నియు తగిలిన 150. ఇంత సదుపాయము గల వింట ఎదుటివారును తప్పరు గదా! అందుచేతనే గెలుపోటములు ఒకటి రెండు పాయింట్లపై తేలును.

ఆ చేదు ఆమె ఎరుగును. 2021లో అమెరికాలోని యాంక్టన్‌లో జరిగిన ప్రపంచ పోటీలలో మూడు విభాగములలోను రజతమే దక్కినది. వ్యక్తిగత ఫైనల్లో కొలంబియా క్రీడాకారిణి సారా లోపెజ్ 146, మన సురేఖ 144. అంతటితో ఆమె విల్లు దించలేదు. 2023 ఆగస్టులో బెర్లిన్‌లో అదితి స్వామి, పర్ణీత్ కౌర్‌లతో కలిసి జట్టు స్వర్ణము గెలిచినది. ప్రపంచ విలువిద్యా పోటీలలో భారతదేశమునకు అదియే తొలి స్వర్ణము.

అదే సంవత్సరము అక్టోబరులో చైనాలోని హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో మూడు స్వర్ణములు లభించినవి. ఓజస్ దేవ్‌తళేతో మిశ్రమ జట్టున 159–158. మహిళల జట్టున 230–229. వ్యక్తిగత ఫైనల్లో 149–145. మొదటి రెండింటిని తెచ్చిపెట్టినది ఒక్కొక్క పాయింటే.

ఇన్ని పతకములున్నను ఆమెకు ఒలింపిక్స్ తలుపు తెరువలేదు. కాంపౌండ్ వింటికి అచ్చట చోటు లేకుండెను. 2028 లాస్ ఏంజిలిస్ క్రీడలలో కాంపౌండ్ మిశ్రమ జట్టు పోటీని చేర్చుటకు 2025లో నిర్ణయమైనది. అప్పటికామెకు 32 ఏండ్లు నిండును. జట్టులో చోటు మరల సంపాదించుకొనవలసినదే; పాత పతకములు ఒక్క పాయింటునైనను కలుపవు. మనము స్కోరు వినునపుడు ఆ చివరి అంకెను అలక్ష్యము చేయకుందము గాక. దాని వెనుక ఏండ్ల తరబడి సాగిన సాధన ఉన్నది.