బొటనవేలు అడగని విద్య

(అంబేద్కర్ జయంతికి వాడలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేం పట్నంలో వెబ్‌సైట్లు తయారుచేసే పనిలో ఉన్నాం. ఏళ్ల తరబడి అదే పని. విసుగు రాలేదా అని ఊరికొచ్చినప్పుడల్లా అడుగుతుంటారు. రాలేదు. జీతం సంగతి వేరు, ఈ పని మీద మాకున్న ఇష్టం వేరు.

మన తాతలు తోలు పని చేసినోళ్లు. లందలో తోలు నానేసి, తంగేడు చెక్క వేసి, ఏ తోలు ఎప్పటికి పదునుకొస్తుందో వేళ్లతో తాకి చెప్పేవాళ్లు. అది శాస్త్రం కాదా? కానీ దాన్ని విద్య అనలేదు, అంటు అన్నారు. వేదం శూద్రుడి చెవిన పడితే సీసం కరిగించి పొయ్యమని గౌతమ ధర్మసూత్రంలో రాసుకున్నారు. తనంత తాను నేర్చుకున్న ఏకలవ్యుడి బొటనవేలు కోయించారు.

ఇప్పుడు వెబ్ సంగతి వినండి. టిమ్ బెర్నర్స్-లీ అనే ఆయన స్విట్జర్లాండులోని సెర్న్ పరిశోధన సంస్థలో 1989లో దీనికి ప్రతిపాదన రాశాడు. 1993 ఏప్రిల్ 30న సెర్న్ దీన్ని ఎవరైనా పైసా కట్టకుండా వాడుకోవచ్చని ప్రకటించింది. అంతకన్నా గొప్ప సంగతి ఇంకోటుంది. కంప్యూటర్లో ఏదైనా పేజీ తెరిచి 'కంట్రోల్' మీట, 'యు' మీట కలిపి నొక్కితే, దాని వెనకున్న రాత కనబడుతుంది. ఏది తలకట్టు, ఏది పేరా, ఏది బొమ్మ, అన్నీ. పెద్ద కంపెనీల పేజీల్లో అదంతా చిక్కుపడి ఉంటుంది గనక చిన్నవాటితో మొదలెట్టాలి. నీ కులమేంది, నీ గురువెవరు అని అది అడగదు. మేం నేర్చుకున్నది అట్లాగే. ఒకరి పేజీ చూసి, కాపీ చేసుకుని, ఒక్క అక్షరం మార్చి, ఏమైందో చూడ్డం. మనం రాసినట్టు రంగు మారితే ఆ పూట అన్నం గుర్తుండేది కాదు.

రోజుకో కొత్తది వస్తోంది గదా, ఎంతకని నేర్చుకుంటారు అంటారు. నిజమే. జావాస్క్రిప్టు 1995లో వచ్చింది, జెక్వెరీ 2006లో, రియాక్ట్ 2013లో. ఒకటి చేతికొచ్చేసరికి ఇంకోటి. మాకు మాత్రం ఇది మేలే అనిపిస్తుంది. పాత విద్యలో తరతరాలుగా పాతుకున్నోడిదే పైచెయ్యి. కొత్తది వచ్చిన రోజున అందరిదీ ఒకటో తరగతే. అయితే ఇంగ్లీషు, కంప్యూటరు, తీరిక అందరికీ ఒక్కలాగ లేవు. అది మరిచిపోతే 'మెరిట్' పాట పాడేవాళ్ల పక్కన చేరినట్టే.

కృత్రిమ మేధే కోడు రాస్తోంది, ఇంక నేర్చుకోవడం దేనికని మొన్న ఒక పిల్లోడు అడిగాడు. రాసింది సరైందో కాదో తేల్చేదెవరు తమ్ముడూ? 2018 ఫిబ్రవరిలో మన తెలుగు 'జ్ఞా' అక్షరం మెసేజీలో వస్తే ఐఫోన్లలో యాప్‌లు కూలిపోయాయి. జ్ఞానంలో మొదటి అక్షరం! తయారుచేసే చోట మన భాష చదివేవాళ్లు ఎందరున్నారో అనిపించింది.

విద్య అడగని కులాన్ని ఉద్యోగం అడుగుతుంది. ఇంటిపేరేంది, ఊళ్లో ఎటువైపు, మాంసం తింటావా అంటారు. అమెరికా పోయినా వదలదు. వదిలేదైతే సియాటిల్ నగరం 2023 ఫిబ్రవరిలో కుల వివక్షను నిషేధిస్తూ చట్టం ఎందుకు చేసుకుంటుంది? అందుకే నేర్చుకున్నోళ్లం సంఘం విడిచి పోకూడదనుకున్నాం.

1936లో లాహోరు సభ రద్దు చేస్తే బాబాసాహెబ్ ఆ ప్రసంగాన్ని సొంత ఖర్చుతో అచ్చేసుకున్నాడు. ఇవాళ 'కుల నిర్మూలన' ఇంగ్లీషు ప్రతిని వెబ్‌లో ఊరకే చదువుకోవచ్చు. మన వాడ సంగతులు కూడా మనమే పెట్టుకోవచ్చు.

వచ్చే ఆదివారం నుంచి కమ్యూనిటీ హాల్లో రెండు పాత ల్యాప్‌టాప్‌లు ఉంచుతున్నాం. పది తప్పినోళ్లు కూడా రావచ్చు. ఆడపిల్లలకు పొద్దుటి పూట, సాయంత్రమైతే ఇంటిపని తెమలదని అమ్మలే చెప్పారు. మొదటి పని, శ్మశానం జాగా గురించి తహసీల్దారుకు ఇచ్చిన అర్జీలన్నీ తారీఖులవారీగా ఒక పేజీలో పెట్టడం. నకళ్లు ఎవరి దగ్గరున్నా శనివారం లోపు తెచ్చివ్వండి.