బాంబా, భూకంపమా?

ఉద్యోగం గురించి నాలుగు ముక్కలు చెప్పమన్నారు. భూకంపాలను తట్టుకునే కట్టడాలు నా పని. దానికి పొరుగునే ఉన్న విషయం ఒకటి చెబుతాను.

గాలిలో, నీళ్లలో, అంతరిక్షంలో అణుపరీక్షలు మానేస్తామని 1963లో అమెరికా, సోవియట్ యూనియన్, బ్రిటన్ రాసుకున్నాయి. భూగర్భాన్ని మాత్రం వదిలేశాయి. లోపల అదిరింది బాంబుకో భూకంపానికో దూరం నుంచి తేల్చడం కష్టం. పోనీ వెళ్లి చూద్దామంటే, ఏడాదికి ఎన్ని తనిఖీలన్న దగ్గర బేరం తెగలేదు.

తేల్చే దారి భూమిలోనే ఉంది. లోపలి నుంచి దూసుకొచ్చే పి-తరంగాలను సుమారు ఒక సెకను ఊపు దగ్గర కొలుస్తారు. నేల పైపొర వెంట నిదానంగా వచ్చే ఉపరితల తరంగాలను 20 సెకన్ల ఊపు దగ్గర కొలుస్తారు. రెండింటికీ విడివిడిగా మాగ్నిట్యూడ్ కడతారు. బాంబు చిన్న చోట, రెప్పపాటులో, అన్ని వైపులకూ ఒకేలా నెడుతుంది. భూకంపంలోనైతే కిలోమీటర్ల మేర రాయి ఒకదాని మీద ఒకటి జారుతుంది, దానికి సెకన్లు పడుతుంది. అందుకే పి-తరంగాల్లో రెండూ సమానంగా కనబడ్డా, ఉపరితల తరంగాలు భూకంపానికి సుమారు పదిరెట్లు పెద్దవిగా ఉంటాయి. తాడు ఊపి, స్ప్రింగు నొక్కి మాస్టారు చూపించిన తేడాయే ఇది. అప్పుడు మార్కుల కోసం చదివాం!

హిందూపురం దాటగానే కర్ణాటకలో వచ్చే గౌరిబిదనూరులో భాభా అణు పరిశోధన కేంద్రం వారి సీస్మోమీటర్ల వరుసలు 1960ల నుంచి ఇలాంటి పనికే ఉన్నాయి. ఆ రోడ్డున పోయేవాళ్లలో ఎందరికి తెలుసో!

అయితే ఈ కొలత సర్వరోగ నివారిణి కాదు. బాగా లోతైన భూకంపానికీ ఉపరితల తరంగాలు తక్కువే. అక్కడ లోతే సాక్ష్యం చెబుతుంది: మనిషి తవ్విన అతి లోతైన బోరు 12 కిలోమీటర్లే కదా. ఉత్తర కొరియా 2006, 2009 పరీక్షల్లో ఉపరితల తరంగాలు అనుకున్నదానికన్నా పెద్దవిగా వచ్చి, రెండు గుంపులనూ విడదీసే గీతనే తర్వాత సవరించాల్సి వచ్చింది.

ఇక చిన్న కంపనాలకైతే ఈ తరంగాలు దూరం వచ్చేసరికి నేల రొదలో కలిసిపోతాయి. 1997 ఆగస్టు 16న రష్యా పరీక్షా స్థలం నొవాయా జెమ్ల్యా దిక్కున అలాంటి చిన్న అదురు ఒకటి నమోదైంది. పరీక్షల నిషేధ ఒప్పందం మీద సంతకాలై ఏడాది కూడా కాలేదు. రష్యా మాట తప్పిందేమోనని అమెరికా అధికారులు అనుమానించారు. పి, ఎస్ తరంగాలతో స్థానం జాగ్రత్తగా లెక్కగడితే, అది పరీక్షా స్థలానికి వంద కిలోమీటర్లకు పైగా దూరంలో, కారా సముద్రం అడుగున తేలింది.