అద్దె ఇంట్లో అంట్ల మెషీను - ఒక ఫాల్టు కథ

(మన సంఘం వార్షిక సమావేశంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించి, మెడికల్ బిల్లుల గురించి నా ముందు మాట్లాడిన మిత్రులు వివరంగా చెప్పారు. కార్యదర్శి గారు నన్ను మాత్రం "ఇంట్లో పనికొచ్చే విషయం ఏదైనా చెప్పండి" అన్నారు. అందుకని మా ఇంట్లో జరిగిన సంగతి ఒకటి మీ ముందు మనవి చేసుకుంటాను. ఇందులో నా పరువు కొంత పోతుంది. అయినా మన వాళ్ళ ముందే గదా!

నేను కరెంటు డిపార్టుమెంటులో ముప్ఫై ఏడేళ్ళు చేసి రిటైరయ్యాను. ఇప్పుడు హైదరాబాదులో, కూకట్‌పల్లి వైపు, మా అబ్బాయి దగ్గర అద్దె ఫ్లాటులో ఉంటున్నాం. ఇంటి ఓనరు గారు వేరే ఊళ్ళో ఉంటారు. ఆయన వెళుతూ వెళుతూ వంటింట్లో డిష్‌వాషర్ వదిలి వెళ్ళారు. అగ్రిమెంటులో ఫ్యాన్లు, గీజర్లతో పాటు దాన్నీ రాశారు: "పని చేసే స్థితిలో అప్పగించడమైనది, అదే స్థితిలో తిరిగి ఇవ్వవలెను" అని. సంతకం పెట్టేటప్పుడు ఆ వాక్యం మేమెవరం పట్టించుకోలేదు.

మా ఆవిడకు వేళ్ళ కీళ్ళ నొప్పులు. కోడలు ఆఫీసు నుంచి వచ్చేసరికి రాత్రి ఎనిమిది. పనిమనిషి వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. అందుకని ఆ మెషీనే మా ఇంటికి పెద్ద దిక్కయింది. ఒక రాత్రి అది మధ్యలో ఆగిపోయింది. తలుపు తీస్తే అడుగున మురికి నీళ్ళు నిలబడి ఉన్నాయి. మళ్ళీ వేస్తే గుర్రుమని శబ్దం, నీళ్ళు మాత్రం కదలవు.

మర్నాడు రిపేరు కుర్రాడు వచ్చాడు. ఆ శబ్దం విని, ఏదీ విప్పి చూడకుండానే "పంపు పోయింది సార్, ఆరు వేల అయిదు వందలు అవుతుంది" అన్నాడు. ఓనరు గారికి ఫోను చేస్తే, "మీరు సరిగ్గా వాడలేదు, అడ్వాన్సులో పట్టుకుంటాను" అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ కోపం ఓనరు మీద చూపలేక కోడలి మీద చూపాను. "కంచాల్లో మెతుకులు విదిలించకుండా పెడితే ఏ మెషీనైనా ఇంతే" అన్నాను. ఆ అమ్మాయి ఒక్క మాట మాట్లాడలేదు. ఆ రాత్రి నుంచి పది గంటలకు సింకు దగ్గర నిలబడి అన్ని గిన్నెలూ తనే తోమడం మొదలుపెట్టింది.

మూడో రోజు మా ఆవిడ అంది: "ఏమండీ, ముప్ఫై ఏడేళ్ళు ఊరందరి ఫాల్టులూ వెతికారు. మనింట్లో ఫాల్టు వెతక్కుండానే తీర్పు చెప్పేశారేం?"

ఆ మాట నాకు సూటిగా తగిలింది. లైను మీద కరెంటు పోతే మనం ఏం చేసేవాళ్ళం? ముందే ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయిందని రాసేవాళ్ళమా? సప్లై ఉందా, ఫ్యూజు ఉందా, లైను తెగిందా అని వరసగా చూసి, చివరికి గదా ట్రాన్స్‌ఫార్మరు దగ్గరికి వచ్చేది! అదే పద్ధతి ఇక్కడా పెట్టాను. భూతద్దం పెట్టుకుని మెషీను పుస్తకం మొదటి నుంచి చదివాను. నాకు అర్థమైనది చెబుతాను.

ఈ మెషీను పని నాలుగే మెట్లు. నీళ్ళు లోపలికి రావాలి, వేడెక్కాలి, చిమ్మాలి, బయటికి పోవాలి. 1886లో అమెరికాలో జోసెఫిన్ కాక్రన్ అనే ఆవిడ పేటెంటు పొందిన యంత్రం కూడా గిన్నెలను రుద్దేది కాదు, నీళ్ళను జోరుగా కొట్టి కడిగేది. ఈనాటి మెషీనూ అంతే. కనుక ఏ మెట్టు దగ్గర ఆగిందో తెలిస్తే సగం ఫాల్టు దొరికినట్టే.

నీళ్ళు రాకపోతే కుళాయి తెరిచి ఉందా, గొట్టం మడత పడిందా, గొట్టం మొదట ఉండే చిన్న జల్లెడలో ఇసుక పట్టిందా చూడాలి. చాలా మెషీన్లకు నీటి ఒత్తిడి కనీసం 0.5 బార్ కావాలని పుస్తకాల్లో ఉంటుంది. అంటే ట్యాంకులో నీటిమట్టం కుళాయి కన్నా సుమారు అయిదు మీటర్ల ఎత్తున ఉండాలి. ట్యాంకుకు సరిగ్గా కింద ఉండే పై అంతస్తు వాళ్ళు ఇది గమనించాలి. గిన్నెలు చల్లగా, జిడ్డుగా వస్తుంటే నీళ్ళు వేడెక్కడం లేదేమో అనుకోవాలి. అది మెకానిక్ పనే, మనం విప్పకూడదు. ఒక మూల గిన్నెలే మురికిగా వస్తుంటే, చిమ్మే చేతుల రంధ్రాలు మూసుకున్నాయో, పెద్ద గిన్నె అడ్డుపడి అవి తిరగడం లేదో చూడాలి. నీళ్ళు నిలిచిపోతే ఫిల్టరు, పంపు, వెనక గొట్టం, సింకు కింద పైపు, ఈ నాలుగూ చూడాలి. ఫిల్టరు గుంటలో కొద్దిగా నీళ్ళు మిగలడం మామూలే, దానికి భయపడనక్కరలేదు.

చెయ్యి పెట్టే ముందు ఓనరు గారికి ఫోనులో మెసేజి పంపాను: "పుస్తకంలో వాడకందారు తీయవచ్చని రాసిన భాగాలే తీస్తున్నాను. ఒక్క స్క్రూ కూడా విప్పను. ఫోటోలు పంపుతాను" అని. తర్వాత ప్లగ్గు పీకాను. లైన్ క్లియర్ తీసుకోకుండా స్తంభం ఎక్కం గదా! ఇక్కడ ప్లగ్గు పీకడమే లైన్ క్లియర్. అడుగు నీళ్ళు మగ్గుతో, గుడ్డతో తీసేశాను. గాజు పెంకులు ఉండవచ్చు గనుక చేతికి రబ్బరు తొడుగు వేసుకున్నాను.

ఫిల్టరు పట్టుకోగానే చేతిలోకి ఊడి వచ్చింది. అది తిప్పితే గాని రాకూడదు. చిమ్మే చేతుల రంధ్రాల్లో ఆవాలు, కరివేపాకు ఈనెలు ఇరుక్కుని ఉన్నాయి. ఫిల్టరు కింద పంపు మూత చెంచాతో పైకి లేపి వేలు పెడితే గట్టిగా ఏదో తగిలింది. బయటికి తీశాను.

ఆవకాయ టెంక ముక్క!

సోదరులారా, నాకు బి.పి. ఉంది. డాక్టరు గారు ఉప్పు తగ్గించమన్న దగ్గర్నుంచి మా ఆవిడ ఆవకాయ జాడీ పై అరలో పెట్టేసింది. రాత్రి అందరూ పడుకున్నాక ఆ జాడీ దించేది ఒక్కణ్ణే. తిన్న కంచం చప్పుడు కాకుండా మెషీనులో పెట్టేదీ నేనే. అంతకు ముందు ఆదివారం "మీకెవరికీ శుభ్రం తెలియదు" అంటూ ఫిల్టరు తీసి కడిగి, బిగిసేలా తిప్పకుండా పెట్టిందీ నేనే. ఆ సందులోంచి టెంక జారి పంపు రెక్కలకు అడ్డుపడింది. మోటారు తిరగబోయి, తిరగలేక గుర్రుమంది. ముక్క తీసి, ఫిల్టరు బిగించి, ప్లగ్గు పెట్టి వేస్తే నిమిషంలో నీళ్ళు పోయాయి. ఖర్చు సున్నా.

కోడలు ఆఫీసు నుంచి రాగానే ఆ టెంక చేతిలో పెట్టి, "అమ్మాయ్, తప్పు నాది. నీ మీద నింద వేశాను, మనసులో పెట్టుకోకు" అన్నాను. ఆ అమ్మాయి ఒక క్షణం చూసి, "మామయ్యగారూ, ఆవకాయ సంగతి అత్తయ్యగారితో నేను చెప్పను. ఫాల్టు సంగతి మాత్రం ఓనరు గారికి మీరే చెప్పండి" అంది. ఆ రాత్రే ఫోను చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయనా మెత్తబడ్డారు, "ముందే చూడకుండా నేనూ అనేశాను లెండి" అన్నారు. అడ్వాన్సు మాట అంతటితో పోయింది.

ఇంకొకటి చెప్పి ముగిస్తాను. గాజు గ్లాసుల మీద తెల్ల పొర వస్తోందని చాలామంది అంటుంటారు. దాని మీద నిమ్మరసం రుద్ది చూడండి. పోతే అది బోరు నీళ్ళ సున్నం, పోకపోతే గాజే అరిగిందని అర్థం. సున్నం అయితే మెషీను అడుగున ఉప్పు పోసే గూడు చూడండి. నీళ్ళలోని సున్నాన్ని పట్టుకునే సరుకు ఒకటి లోపల ఉంటుంది, దాన్ని మళ్ళీ మళ్ళీ పనిలోకి తెచ్చేది ఆ ఉప్పే. డిష్‌వాషర్ ఉప్పే వాడాలి, కూరలో వేసే అయొడైజ్డ్ ఉప్పు వద్దు. సబ్బు పొడి పొరపాటున కూడా అందులో పోయకూడదు. మా మెషీనులో ఆ గూడు ఖాళీగా ఉంది. నీటి కాఠిన్యం సెట్టింగు కూడా అన్నిటికన్నా తక్కువలో ఉంది. రెండూ సరిచేశాక గ్లాసులు మెరుస్తున్నాయి.

అద్దె ఇళ్ళలో ఉన్న సభ్యులకు, మీ పిల్లలకు నా మనవి ఇది. ఇంట్లో దిగిన రోజే ఓనరు ముందు ప్రతి మెషీనూ ఒకసారి నడిపించి చూసి, ఫోటోలు తీసుకోండి. మామూలు వాడకంలో వచ్చే అరుగుదల ఎవరిది, రిపేరు ఖర్చు ఎవరిది అన్నది అగ్రిమెంటులో రాయించుకోండి. ఫాల్టు వస్తే వెంటనే రాతలో తెలియజేయండి. స్క్రూలు విప్పే పని వస్తే ఓనరు ఒప్పుకున్నాక మెకానిక్‌నే పిలవండి, పాత భాగం విప్పి చూపించమని అడగండి.

అన్నిటికన్నా ముఖ్యం, ఫాల్టు దొరక్క ముందు మనిషి మీద రిపోర్టు రాయకండి. ఉద్యోగంలో ఒక్కసారి కూడా చేయని ఆ తప్పు రిటైరయ్యాక నా ఇంట్లో చేశాను. మీరు చేయకుండా ఉంటారనే ఇదంతా చెప్పాను.

ఆవకాయ సంగతి మాత్రం ఈ హాలు దాటనివ్వకండి. మా ఆవిడ మూడో వరసలో కూర్చుని ఉందని ఇప్పుడే చూశాను.