కుట్లు వేశాక మొదలయ్యే పని

పట్టాలు అందుకుంటున్న డాక్టర్లారా!

నేను పీజీ చేసే రోజుల్లో అన్నవాహిక క్యాన్సర్‌తో మింగుడు పడని మనిషికి ఆహారం పంపేందుకు పేగులో గొట్టం పెట్టాలంటే పొట్ట కోయాల్సిందే. అసలే ఎముకల గూడైపోయిన మనిషి. ఆ గాయం మానే సత్తువ కూడా ఒంట్లో ఉండేది కాదు. అయితే 1979లోనే అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో గాడరర్, పాన్‌స్కీ అనే ఇద్దరు డాక్టర్లు పొట్ట తెరవకుండా, ఎండోస్కోప్ సాయంతో ఒక పసిబిడ్డకు జీర్ణాశయంలోకి గొట్టం వేశారు. ఇవాళ మనం పెగ్ అంటున్నది అదే. థియేటర్లో లైట్లు తగ్గించగానే ఎండోస్కోప్ వెలుగు పొట్ట చర్మం మీద ఎర్రగా కనబడుతుంది. అక్కడ వేలితో నొక్కితే లోపలి గోడ కుంగడం తెర మీద తెలుస్తుంది. సూది దింపాల్సిన చోటు అదే.

కణితి ఎండోస్కోప్‌ను పోనివ్వకపోయినా, రేపటి ఆపరేషన్‌లో జీర్ణాశయాన్నే పైకి లాగి కొత్త అన్నవాహికగా మలచాల్సి ఉన్నా, జీర్ణాశయం జోలికి పోకుండా ల్యాపరోస్కోపీతో చిన్నపేగులో గొట్టం వేస్తాం.

ఇదంతా మీకు తెలిసిందే. నన్ను వేధించేది ఆ తర్వాతి సంగతి. ఒకసారి ఒక ఇల్లాలు భర్తను వెంటబెట్టుకుని నా దగ్గరకు వచ్చింది. వేరేచోట వేసిన గొట్టం పూడుకుపోయింది. మాత్రలు నూరి ఎక్కించింది, వెనకాల నీళ్లు పోయలేదు. ఆమె తప్పా? చేతిలో డిశ్చార్జ్ కాగితం ఉంది, అంతా ఇంగ్లీషే. ఫీడ్‌కు, అంటే గొట్టంలో పోసే ఆహారానికి, ముందూ తర్వాతా నీళ్లు పోయమ్మా అని ఆమెకు చెప్పినవాళ్లు ఒక్కరూ లేరు.

రౌండ్స్‌లో మీరేం చేస్తారో నాకు తెలుసు. మంచం దగ్గర నిమిషం నిలబడి, కుట్లు చూసి, బాగుందని వెళ్లిపోతారు. కుట్లు బాగానే ఉన్నాయి నాయనా, రోగి బరువెంతో చూశావా? ఫీడ్ ఇచ్చేటప్పుడు తలవైపు ఎత్తి కూర్చోబెట్టాలని చెప్పావా? పేగులో వేసిన గొట్టంలోకి ఒక్కసారిగా పోయకూడదని, నెమ్మదిగా చుక్కలు చుక్కలుగా పోవాలని చెప్పావా అమ్మా? జావ ఎంత పల్చగా కాచాలో, ఎలా వడకట్టాలో చూపించావా? కొత్తగా వేసిన గొట్టం ఊడితే ఇంట్లో దూర్చకుండా వెంటనే ఆసుపత్రికి రమ్మన్నావా?

గొట్టం అనగానే ఇక ఆఖరి రోజులే అనుకుంటారు మనవాళ్లు. అందుకే వద్దంటారు, వద్దంటూ ఇంకా చిక్కిపోతారు. గొంతు క్యాన్సర్‌కు రేడియేషన్ పూర్తయి, మింగడం కుదుటపడ్డాక గొట్టం తీసేస్తామని, అందాకా చికిత్సను తట్టుకునే బలం దానివల్లే వస్తుందని కూర్చుని చెప్పాల్సింది మీరే.

మీ వార్డులో ఒక్క నియమం పెట్టుకోండి. ఇంట్లో ఫీడ్ ఇచ్చే మనిషి, భార్యే కానీ కొడుకే కానీ, మీ కళ్లముందు సిరంజి పట్టి నీళ్లు, ఫీడ్, మళ్లీ నీళ్లు పోసి చూపించాకే డిశ్చార్జ్ మీద సంతకం పెట్టండి.